నాన్న వేళ్ల మీది ఊదా మరక

మా నాన్న కంసాలి. విజయనగరంలో గంటస్తంభం దగ్గరి ఒక సందులో కొట్టు. ఇద్దరు కూర్చుంటే మూడోవాళ్లు నిలబడాల్సిందే, అంతే జాగా. చిన్నప్పటి నుంచీ ఆయన కుడిచేతి బొటనవేలి మీదా, చూపుడువేలి మీదా ఒక ఊదా రంగు మరక చూస్తూ పెరిగాను. సబ్బుకు పోదు, సున్నిపిండికి పోదు. కొన్నాళ్లకు పైతోలుతోపాటు దానంతటదే ఊడాలి. ఈలోగా కొత్తది పడుతుంది. పాత బంగారాన్ని యాసిడ్‌లో కరిగించి శుద్ధి చేసిన వారం ఆ మరక మరీ ముదురుగా ఉండేది. యాసిడ్ మరకేలే అనుకునేదాన్ని. నాన్నా అలాగే అనుకున్నారు. అది బంగారమని మా ఇద్దరికీ తెలిసింది నా ఎమ్మెస్సీ నాలుగో సెమిస్టర్‌లో.

ప్రాజెక్టులు ఎంచుకునే రోజున మా బ్యాచ్‌లో సగం మంది ఆకుల మీద పడ్డారు. తులసి, వేప, మునగ, గోరింట. ఏ ఆకు రసం తెచ్చి సిల్వర్ నైట్రేట్‌లో పోసినా కాసేపటికి గోధుమ రంగు వస్తుంది, వెండి నానో రేణువులు, అంటే కంటికి ఆననంత చిన్న వెండి నలుసులు, తయారయ్యాయని రాసేయొచ్చు. నిజంగానే తయారవుతాయి, కాదనను. కానీ ఆ రసంలో ఉన్న వంద పదార్థాల్లో ఏది ఆ పని చేసిందో చెప్పరు. వానాకాలం కోసిన ఆకుకీ ఎండాకాలం కోసిన ఆకుకీ ఒకే సైజు వస్తుందా అంటే మాట్లాడరు. మా గైడ్ సార్‌కి ఈ ఆకుల గోలంటే చిరాకు. నా వంతు వచ్చేసరికి, "మీ ఇంట్లో బంగారం పని కదా, నువ్వు బంగారం చెయ్యి" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు.

పని రెండు ముక్కలు. ముందు బంగారపు నానో రేణువులు తయారుచేయాలి. తర్వాత వాటిని దారమంత సన్నటి కాలువలో పారించి, పక్క కాలువలోంచి వచ్చే నీళ్లు తగిలినప్పుడు రంగు ఎలా మారుతుందో చూడాలి. ఆ రేణువుల రంగు సంగతిని ప్లాస్మోనిక్స్ అంటారు, సన్నటి కాలువల సంగతిని మైక్రోఫ్లూయిడిక్స్ అంటారు. ఇంట్లో ఈ పేర్లు చెప్తే అమ్మ ఒక్కటే అడిగింది: "ఉద్యోగం వస్తాదా?"

బంగారం ముద్దగా పనికిరాదు. క్లోరోఆరిక్ యాసిడ్ అనే సమ్మేళనం రూపంలో కొనాలి. ఒక గ్రాము, వేలెడంత గాజు సీసాలో, నారింజ పసుపు పలుకులు. పార్సిల్ వచ్చిన సాయంత్రం కొట్టుకు తీసుకెళ్లి నాన్నకు చూపించాను.

"ఇందులో బంగారమెంత?" అన్నారు.

లెక్క చెప్పాను. బరువులో సగమే బంగారం. మిగతాదంతా క్లోరిన్, నీరు, కాస్త హైడ్రోజన్. అంటే అర గ్రాము.

"దీనికెంతిచ్చావు?"

అదీ చెప్పాను. ఆ రోజు గ్రాము బంగారం రేటుకన్నా ఎక్కువే.

నాన్న సీసాను జాగ్రత్తగా త్రాసు పక్కన పెట్టి, కళ్లద్దాలు తీసి నా వైపు చూశారు. "అర గ్రాము బంగారాన్ని గ్రాము రేటుకన్నా ఎక్కువెట్టి కొన్నావేటి తల్లీ? నన్నడిగితే నేనే సేసి ఇద్దును కాదేటి?"

చేసి ఇవ్వగలరు కూడా. మూడు వంతులు హైడ్రోక్లోరిక్, ఒక వంతు నైట్రిక్ కలిపి బంగారాన్ని కరిగించడం ఆయనకు రోజువారీ పని. మర్నాడు సార్‌ని అడిగితే, "నైట్రిక్ యాసిడ్ పూర్తిగా పోయిందని ఎలా తెలుస్తుంది? మీ నాన్నగారి బంగారంలో రాగి ఎంతుందో చెప్పగలవా?" అన్నారు. ఆ మాట ఇంట్లో యథాతథంగా చెప్పడం నా తప్పు. "నా బంగారంలో రాగా?" అని రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

ఈ పలుకుల్ని స్టీలు స్పూన్‌తో తీయకూడదు. ఇనుము తగిలితే బంగారం అక్కడే దిగిపోతుంది, స్పూన్ మొన నల్లబడుతుంది. గాలి తగిలితే చెమ్మ పీల్చుకుని పలుకులు జిగురు కడతాయి. అందుకని సీసా మూత తీశాక తూచే పని పెట్టుకోకుండా, మొత్తం గ్రామునూ ఒకేసారి పావు లీటరు నీళ్లలో కరిగించేసి, ముదురు రంగు సీసాలో పోసి, రేకు చుట్టి అల్మరాలో పెట్టాం. ఆ పసుపు నీళ్లే నా నాలుగు నెలల ఆస్తి. దాన్ని పది రెట్లు పలచన చేస్తే రెండున్నర లీటర్లు. ఒక్కో వంటకు 20 మిల్లీలీటర్లు. అంటే వందకు పైగా ప్రయత్నాలు. చాలా ఎక్కువ అనిపించింది అప్పట్లో.

వంట అని ఎందుకన్నానంటే అది వంటే. 1951లో టర్కెవిచ్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు వివరించిన పద్ధతి, ఇప్పటికీ ప్రపంచమంతటా వాడుతున్నారు. పలచటి బంగారపు నీళ్లు మరిగించాలి. తెర్లుతుండగా సోడియం సిట్రేట్ ద్రావణం, వంద మిల్లీలీటర్లకు ఒక గ్రాము చొప్పున కలిపింది, రెండు మిల్లీలీటర్లు ఒక్కసారిగా పోయాలి. నిమ్మలో ఉండే సిట్రిక్ యాసిడ్ తాలూకు ఉప్పే ఈ సిట్రేట్. అది బంగారు అయాన్లకు ఎలక్ట్రాన్లిచ్చి లోహంగా మారుస్తుంది, పుట్టిన రేణువుల చుట్టూ తానే పొరలా పట్టుకుంటుంది. ఆ పొరకు రుణావేశం ఉంటుంది కాబట్టి ఒక రేణువు ఇంకోదాన్ని దగ్గరకు రానివ్వదు.

మొదటిసారి పోసినప్పుడు పసుపు మాయమై నీళ్లు తేటగా అయిపోయాయి. పాడైపోయిందనుకున్నాను. అర నిమిషం తర్వాత అడుగు నుంచి సిరా చుక్క వేసినట్టు బూడిద నీలం మొదలైంది. అది ముదిరింది. నేరేడుపండు తిన్న నాలుక రంగుకు వచ్చింది. తర్వాత ఎవరో లోపల దీపం పెట్టినట్టు ఎరుపు తేలడం మొదలై, పది నిమిషాలకు దానిమ్మ రసంలా నిలిచింది. ఏ రంగు వెలుతురును ఎంత మింగుతుందో కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్‌లో పెడితే 520 నానోమీటర్ల దగ్గర, అంటే ఆకుపచ్చ దగ్గర, శిఖరం. సార్ తెర మీదకు వంగి చూసి, "పదమూడు, పధ్నాలుగు నానోమీటర్లు ఉంటాయి" అన్నారు. ఆ సైజు రేణువు ఒక్కోదానిలో డెబ్బై ఎనభై వేల బంగారు పరమాణువులుంటాయి. ఇరవై మిల్లీలీటర్లు మొత్తం కలిపినా నాలుగు మిల్లీగ్రాముల బంగారమే.

పచ్చటి బంగారం ఎర్రగా ఎందుకైంది? నాకు అర్థమైన రీతిలో చెప్తాను. నిండు బిందె ఎత్తుకుని నడుస్తుంటే లోపలి నీళ్లు అటూ ఇటూ ఊగుతాయి. మీ అడుగుల వేగం ఆ ఊపుకు సరిగ్గా సరిపోయిందంటే నీళ్లు ఎగిరి పైన పడతాయి. బంగారు రేణువు లోపల స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు ఆ నీళ్లలాంటివి, వచ్చే వెలుతురు అడుగులలాంటిది. ఇంత చిన్న బంగారు బిందెకు ఆకుపచ్చ వెలుతురు అడుగు సరిపోతుంది. అందుకని ఆకుపచ్చను మింగేసి ఎరుపును వదిలేస్తుంది. ఈ ఊపునే ప్లాస్మాన్ అంటారు. గోళాకారపు రేణువు ఎంత వెలుతురు మింగుతుందో ఎంత చెదరగొడుతుందో 1908లోనే గుస్టావ్ మీ అనే జర్మన్ శాస్త్రవేత్త లెక్క కట్టి పెట్టాడు. రెండు రేణువులు బాగా దగ్గరకొస్తే ఒకదాని ఊపు ఇంకోదానికి తగులుతుంది. అప్పుడు మింగే రంగు ఎరుపు వైపు జరుగుతుంది, మన కంటికి మిగిలేది నీలం. అదే బంగారం, అదే బరువు. దూరంగా ఉంటే ఎరుపు, అతుక్కుంటే నీలం.

ఒక చిన్న సీసాలో పది మిల్లీలీటర్లు ఇంటికి తీసుకెళ్లాను. నాన్న ట్యూబ్‌లైటుకు ఎత్తి చూశారు. "కెంపు కరిగించినట్టున్నాది. ఇది బంగారమంటే గీటురాయి ఒప్పుకోదు." చిటికెడు ఉప్పు వేసి చూపించాను. చూస్తుండగానే ఎరుపు ఊదా అయి, ఊదా నీలమైంది. ఇంట్లో టీవీ చూస్తున్న అమ్మ కూడా లేచి వచ్చింది. ఈ ఉప్పు సంగతి 1857లో ఫారడే చూసి రాసిందే. ఇంటర్‌లో నేను బట్టీపట్టిన గోల్డ్ నంబర్, అంటే ఉప్పు పడినా ఎరుపు మారకుండా కాపాడటానికి ఒక పదార్థం ఎంత కావాలో చెప్పే అంకె, కూడా దీని మీద కట్టిన లెక్కే, ఆ నంబర్ తెచ్చిన జిగ్మండీకి 1925 రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది. బట్టీ పట్టినప్పుడు ఇందులో రంగు ఉందని ఎవరూ చూపించలేదు.

మరక కథ బయటపడింది ఆ వారంలోనే. గ్లవ్స్ చిరిగి అల్మరాలోని పసుపు నీళ్లు ఒక చుక్క వేలి మీద పడింది. కడిగేశాను, ఏమీ కనిపించలేదు. మర్నాటికి వేలి మీద ఊదా మచ్చ. అచ్చం నాన్న మరక. సార్‌కి చూపిస్తే, "నీ చర్మమే సిట్రేట్ పని చేసింది. వెలుతురు కూడా సాయం పట్టింది. అది నానో బంగారం, దాచుకో" అన్నారు. రాత్రి అన్నాలప్పుడు ఈ మాట చెప్పాను. నాన్న ముద్ద కలపడం ఆపి బొటనవేలు తిప్పి తిప్పి చూసుకున్నారు.

"అయితే ముప్పై ఏళ్లబట్టి బంగారాన్ని తోలుతో పారేస్తన్నానన్నమాట" అన్నారు.

జనవరి అంతా బాగా గడిచింది. ఫిబ్రవరి రెండో వారం నుంచి అసలు సినిమా. చేసిన ప్రతి వంటా ఊదా దగ్గరే ఆగిపోతోంది. కొన్ని అరగంటలో నల్లటి మడ్డిగా అడుక్కు దిగిపోయేవి. మొదటి మూడు వంటలు పోతే నా చేతివాటం అనుకున్నాను. ఆరోదానికి టెన్షన్ మొదలైంది. సిట్రేట్ కొత్త సీసా తీశాం. గాజుసామాను మొత్తం రెండు యాసిడ్ల మిశ్రమంలో నానబెట్టి కడిగాం. ఘాటు ఆవిర్లను బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ ఫ్యాన్ తిరగదు కాబట్టి వరండా చివర, గాలి వాలు చూసుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని చేశాం. ఇది మెచ్చుకోవలసిన పద్ధతి కాదు, మీరు చేయకండి. తిప్పే అయస్కాంతపు బిళ్లకు పాత బంగారం అంటుకుని ఉంటుందేమోనని కొత్తది కొన్నాం. ఊదా ఊదాగానే ఉంది. పదిహేడు వంటలు పోయాయి. రాత్రిళ్లు నోటుబుక్కులో తేదీలు ముందుకీ వెనక్కీ తిప్పుతూ కూర్చునేదాన్ని.

దొరికిన తీరు చెప్తే నవ్వొస్తుంది. ఒక మధ్యాహ్నం డిస్టిల్డ్ వాటర్ క్యాన్ ఎత్తుతుంటే చాలా నిండుగా ఉంది. డిస్టిల్లేషన్ యూనిట్ చప్పుడు విని చాలా రోజులైనట్టు అప్పుడు తట్టింది. ల్యాబ్ అటెండర్ అన్నయ్యను అడిగాను.

"అది కాలిపోనాది కదమ్మా, ఫిబ్రవరి మొదట్లోనే. కాయిల్ మార్చడానికి బిల్లు పెట్టారు, ఇంకా రానేదు."

"మరి ఈ నీళ్లు?"

"కారిడార్లో ఫిల్టర్వే. మంచివే, మనం తాగేవే. మీకు పని ఆగకూడదని నేనే రోజూ పడతన్నాను."

ఆయన మీద కోపం తెచ్చుకోలేకపోయాను. నాకోసమే మోశాడు పాపం. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్ ముంచితే 640 చూపించింది. ఆ ఫిల్టర్‌లో మెంబ్రేన్ ఎప్పుడు మార్చారో తెలిసినవాళ్లు లేరు. బోరు నీళ్లు దాదాపు బోరు నీళ్లలాగే అందులోంచి వస్తున్నాయి. తాగితే తేడా తెలీదు. బంగారానికి తెలిసింది. ఆ నీళ్లలో సోడియంతోపాటు కాల్షియం, మెగ్నీషియం ఉంటాయి. రెండు ధనావేశాలున్న కాల్షియం అయాన్ రేణువుల చుట్టూ ఉన్న రుణావేశాన్ని కప్పేయడంలో సోడియంకన్నా చాలా రెట్లు బలమైనది. కప్పేశాక రేణువులకు ఒకదాన్నొకటి తోసుకునే శక్తి ఉండదు. సైకిల్ మీద వెళ్లి బ్యాటరీల షాపులో డీమినరలైజ్డ్ వాటర్ క్యాన్ తెచ్చాను. మీటర్ 3 చూపించింది. సాయంత్రానికి దానిమ్మ రసం.

ఇక కాలువ. పెద్ద యూనివర్సిటీల్లో అయితే సిలికాన్ పలక మీద వెలుతురు తగిలితే మారే ఫొటోరెసిస్ట్ అనే పూత పూసి, అతినీలలోహిత కాంతితో అచ్చు తీసి, దాని మీద పీడీఎంఎస్ అనే సిలికోన్ రబ్బరు పోస్తారు. దానికి దుమ్ము లేని గది కావాలి. మాకున్న గదిలో కిటికీ రెక్క ఒకటి లేదు. అచ్చు ఎలా చేయాలని సార్ తల పట్టుకుంటుంటే, సన్నటి తీగను గాజు మీద అతికించి దాని మీద రబ్బరు పోస్తే గాడి పడుతుంది కదా అన్నాను. తీగ ఎక్కడిదన్నారు. చెప్పాలా?

నాన్న మొదట బెట్టు చేశారు. రాగి మాట ఇంకా మర్చిపోలేదు. తర్వాత వెండి తీసి, కాచి, కమ్మెచ్చులో పెట్టి లాగడం మొదలుపెట్టారు. పెద్ద కన్నంలోంచి చిన్న కన్నంలోకి, మళ్లీ కాచి ఇంకా చిన్న కన్నంలోకి. పట్టకారుతో తీగ చివర పట్టుకుని, ఒంటిని వెనక్కి వాల్చి, ఊపిరి బిగబట్టి ఒకే లాగు. మధ్యలో ఆగితే తెగుతుంది. పావు మిల్లీమీటరుకు వచ్చింది. గుండ్రటి తీగైతే దాని కిందికి రబ్బరు దూరిపోయి అచ్చు సరిగా ఊడదని చెప్పాను. రోలింగ్ మెషిన్‌లో ఒక్కసారి పోనిచ్చి చపటా చేశారు. మూడు ముక్కలను పంగలకర్ర ఆకారంలో పేర్చి, అతుకు దగ్గర ఆవగింజలో పదో వంతు టంకం పెట్టి, ఊదుగొట్టంతో మంట తాకించి తాకించనట్టు అతికారు. మర్నాడు ల్యాబ్‌లో స్క్రూగేజ్ పెట్టి కొలిచాను. వెడల్పు 0.31 మిల్లీమీటర్లు, మందం 0.16. ఏ మూల కొలిచినా అంతే. సార్ ఆ తీగను వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశారు. మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పమన్నారు. ఆ నమస్కారంతో రాగి గొడవ సమసిపోయింది.

పీడీఎంఎస్ రెండు డబ్బాల్లో వస్తుంది. పది వంతుల జిగురుకు ఒక వంతు గట్టిపరిచే ద్రవం కలిపి బాగా గిలక్కొట్టాలి. మజ్జిగ నురగలా బుడగలొస్తాయి. డెసికేటర్‌లో పెట్టి గాలి లాగేస్తే తేటపడుతుంది. అచ్చు మీద పోసి 70 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలుంచితే పారదర్శకమైన రబ్బరు బిళ్ల అవుతుంది. నా మొదటి బిళ్ల అంచులన్నీ గట్టిపడ్డాయి, తీగ చుట్టూ మాత్రం తేనెలా జిగటగా మిగిలింది. రాత్రంతా ఓవెన్‌లో ఉంచినా అంతే. చివరికి తేలిందేమిటంటే, తీగను గాజు మీద సర్దేటప్పుడు నేను వేసుకున్న రబ్బరు గ్లవ్స్. ఆ రబ్బరులో గంధకం ఉంటుంది. పీడీఎంఎస్ గట్టిపడటానికి అందులో ప్లాటినం ఉత్ప్రేరకం పనిచేయాలి, గంధకం దాన్ని చంపేస్తుంది. నైట్రైల్ గ్లవ్స్ తెచ్చాక ఆ బాధ పోయింది. రెండో బిళ్లను గాజు పలక మీద సగం గట్టిపడిన పలచటి పీడీఎంఎస్ పొరకు అతికించి మళ్లీ ఓవెన్‌లో పెట్టాం. మూడు చోట్ల కన్నాలు. పంపులు లేవు. మెడికల్ షాపులో రెండు సెలైన్ సెట్లు కొని, స్టాండుకు రెండు సీసాలు వేలాడదీశాం.

ఎర్రటి బంగారపు నీళ్లు వదిలాను. కాలువలో ఏమీ కనిపించలేదు. నీళ్లు పారుతున్నాయి, చివర చుక్కలు పడుతున్నాయి, చుక్క ఎర్రగానే ఉంది, కాలువ మాత్రం తేటగా ఉంది. బుర్ర పనిచేయలేదు కాసేపు. తర్వాత తెలిసింది, ఇది తొమ్మిదో తరగతి పిల్లలకైనా తట్టే విషయమని. స్పెక్ట్రోఫోటోమీటర్ గాజు గొట్టంలో వెలుతురు ఒక సెంటీమీటరు ద్రవం దాటుతుంది. నా కాలువ లోతు 0.16 మిల్లీమీటర్లు. అరవై రెట్లు పలచన చేసినట్టే. చెరువు నీళ్లు పచ్చగా ఉన్నా దోసిట్లోకి తీస్తే రంగుండదు కదా. చిక్కబరచక తప్పదు. బయోటెక్నాలజీ వాళ్ల సెంట్రిఫ్యూజ్ అడుక్కుని నిమిషానికి 13,000 చుట్లు తిప్పాను. మొదటిసారి అత్యాశకు పోయి రెండు గంటలు ఉంచితే రేణువులన్నీ గొట్టం గోడకు నల్లగా అతుక్కుని మళ్లీ కలవలేదు. గంటకు దించితే కలిశాయి. ఇరవై మిల్లీలీటర్లను రెండుకు తెచ్చాక నెత్తురులా చిక్కటి ద్రవం వచ్చింది.

ఆ రోజు సాయంత్రం ఐదున్నర. చిప్ కింద తెల్ల కాగితం, నా కంటికి నాన్న కొట్టు నుంచి తెచ్చిన కంటి భూతద్దం. ఒక కొమ్మలోంచి ఎరుపు వచ్చింది, ఇంకో కొమ్మలోంచి కొంచెం ఉప్పు కలిపిన నీళ్లు. రెండూ పంగ దగ్గర కలిశాయి. కలిశాయంటే పక్కపక్కన చేరాయంతే. ఒక్క పిసరు కూడా కలగాపులగం కాలేదు. ఎడమ సగం ఎరుపు, కుడి సగం తెలుపు, మధ్యలో గీత గీసినట్టు హద్దు. సంగాంలో నాగావళి, సువర్ణముఖి, వేగావతి కలిసేచోట శివరాత్రికి స్నానం చేశాను. అక్కడ నీళ్లు సుడులు తిరిగి నాలుగు బారల్లో ఒకటైపోతాయి. ఇంత సన్నటి కాలువలో సుడి పుట్టదు. నీటి జిగట ముందు దాని వేగం ఏపాటిది? సుడి పుడుతుందో లేదో చెప్పే రెనాల్డ్స్ సంఖ్య ఒకటికి లోపే. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి ఏదైనా వెళ్లాలంటే అణువు అణువుగా వ్యాపించి వెళ్లాల్సిందే.

కొంచెం దిగువన ఆ హద్దు మీద నీలం గీత కనిపించింది. వెంట్రుకకన్నా సన్నం. చివరికి పోతున్నకొద్దీ వెడల్పవుతోంది, అదీ ఎరుపు వైపుకే ఒరుగుతోంది. తెల్ల వైపుకు కాదు. ఎందుకంటే ఉప్పు అయాన్లు నా బంగారు రేణువులకన్నా కొన్ని పదుల రెట్లు వేగంగా వ్యాపిస్తాయి. బంగారం ఇంకా బయల్దేరకముందే ఉప్పు వచ్చి మీద పడుతోంది. పుస్తకంలో ఈ వ్యాపన సమీకరణం ఎన్నిసార్లు రాశానో. భూతద్దంలో అది రంగు వేసుకుని కూర్చుంది. పక్కనున్న నా స్నేహితురాలిని పిలిచి చూపిస్తే, "గోరంచు చీరకు బోర్డర్‌లా ఉందే" అంది.

తర్వాత రెండు వారాలు రకరకాల నీళ్లు పట్టుకొచ్చి పారించాను. డీమినరలైజ్డ్ నీళ్లకు నీలం గీత పడలేదు. కారిడార్ ఫిల్టర్ నీళ్లకు రెండున్నర సెంటీమీటర్ల దిగువన మొదలైంది. మా వీధి బోరుకు అర సెంటీమీటరులోనే. స్నేహితురాలి తమ్ముడు చింతపల్లి బీచ్ నుంచి ఒక కూల్‌డ్రింక్ సీసాలో సముద్రపు నీళ్లు తెచ్చాడు. అవి తగలగానే పంగ దగ్గరే నల్లటి ముద్ద కట్టి కాలువ పూడుకుపోయింది. నాన్న తీగతో పోసిన మంచి చిప్ అలా పోయింది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఫొటోల కోసం బయటి ఊరికి పంపిన సాంపిల్ ఫలితం మాత్రం వైవాకు రెండు రోజుల ముందు వచ్చింది. ఫీజు వేరే కథ.

వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ మేడమ్ సూటిగా అడిగారు. "నీళ్లలో ఉప్పులు తెలుసుకోవడానికి టీడీఎస్ మీటర్ కొన్ని వందలకు దొరుకుతుంది. బంగారం ఎందుకమ్మా?" ముందే రాసుకున్న జవాబు ఉంది: మీటర్‌కి కాల్షియం, సోడియం తేడా తెలీదని. నోరు తెరిచి ఆగిపోయాను. నా బంగారానికి మాత్రం తెలుసా? కొంచెం కాల్షియం ఉన్నా నీలమే, ఎక్కువ సోడియం ఉన్నా నీలమే. రేణువు ఒంటికి ఒక్కదాన్నే పట్టుకునే అణువును తగిలిస్తేనే అది దేనికి ఎర్రగానే ఉందో, దేనికి నీలమైందో చెప్పగలం. కోవిడ్ కిట్లలో పడే ఎర్ర గీత అలాంటిదే, యాంటీబాడీ తగిలించిన బంగారు రేణువులు కాగితం మీద పారి ఒకచోట ఆగడం. నేను తగిలించలేదు. ఆ మాటే చెప్పాను. మేడమ్ ఏమీ అనకుండా చిప్‌ను భూతద్దంలో చూస్తూ, "ఈ అచ్చు ఏ ల్యాబ్‌లో చేయించారు?" అని అడిగారు. సార్ నా వైపు చూశారు. నేను గంటస్తంభం అన్నాను.

ల్యాబ్ ఖాళీ చేసే ముందు వేస్ట్ సీసాలన్నీ ఒకచోట చేర్చాను. పారబోయొద్దని నాన్న మొదటి రోజు నుంచీ చెప్తూనే ఉన్నారు. కొట్టు ముందు మట్టిని కూడా కడిగి బంగారం ఏరుకునేవాళ్లున్న వీధి మాది. పోయిన పదిహేడు వంటలు, సెంట్రిఫ్యూజ్‌లో చెడినవి, చిప్‌ల చివర పట్టిన చుక్కలు, అన్నింట్లో ఉప్పు పోసి రెండు రోజులుంచితే అడుక్కు నల్లటి మడ్డి దిగింది. ఫిల్టర్ కాగితంలో వడగట్టి, ఆరబెట్టి, మడిచి నాన్నకు ఇచ్చాను. కాగితంతో సహా మూసలో పెట్టి, వెలిగారం చల్లి మంట పెట్టారు. కాగితం మసైంది. మసి కాలిపోయింది. అడుగున ఎర్రగా ఏదో కదిలింది, గుండ్రమైంది. చల్లారాక పట్టకారుతో తీసి నీళ్లలో వేసి, గుడ్డతో తుడిచారు. పచ్చగా ఉంది. గీటురాయి మీద ఒక గీత గీసి, నీటుగా ఉందన్నట్టు తలాడించి, త్రాసులో వేశారు. 290 మిల్లీగ్రాములు.

"కొన్నది అర గ్రాము కదా. మిగతాది ఏటైపోనాది?"

గాజుకు కొంత అంటింది, సాంపిల్ కొంత బయటికి పంపాం, చిప్‌లలో కొంత ఇరుక్కుంది. ఇవన్నీ చెప్పి, ఊదా మచ్చలున్న నా చెయ్యి కూడా చాపి చూపించాను. నాన్న ఆ పూసను గులాబీ కాగితంలో పొట్లం కట్టి, పైన తేదీ వేసి, నా పేరు రాసి, దాని కింద "బాకీ 210 మిల్లీ" అని రాసి గల్లాపెట్టెలో వేసుకున్నారు.